హాల్లో చూడాల్సింది

2025 ఆగస్టు 14న ఒకే సినిమా గురించి ముగ్గురికి మూడు మాటలు చెప్పాను. ఆ మూడింట్లో ఒక్కటీ నాది కాదు.

ఆ సినిమా ‘వార్ 2’. ఎన్టీఆర్‌కి అదే తొలి హిందీ సినిమా. నేను ‘ఆది’ నాటి నుంచీ ఆయన అభిమానిని. విడుదలకి నాలుగు రోజుల ముందు హైదరాబాద్ సభలో ఆయన రెండు కాలర్లూ ఎగరేస్తే, ఇంట్లో టీవీ ముందు నా ఛాతీ పొంగింది. ఆ పొంగుతోనే మొదటి రోజు ఆటకి వెళ్లాను. సినిమా నడుస్తున్నంతసేపూ లెక్కలు వేశాను. హృతిక్ రోషన్‌కి ఎన్ని ఫైట్లు, మావాడికి ఎన్ని? ఎవరి ఎంట్రీకి ఈలలు ఎక్కువ? ఇద్దరూ కలిసి స్టెప్పులేసిన పాటలో కెమెరా ఎవరి మీద ఎక్కువసేపు నిలిచింది? తూకం వేసేవాడి కళ్లు ముల్లు మీదే ఉంటాయి, సరుకు మీద ఉండవు.

ఇంటర్వెల్‌లో ఫోన్ తీస్తే తెలిసినవాళ్ల మెసేజ్‌లు. గ్రాఫిక్స్ తేలిపోయాయని ఒకరు, యాక్షన్ అదిరిందని ఒకరు, అదే రోజు వచ్చిన రజనీకాంత్ ‘కూలీ’యే నయమని ఇంకొకరు. రెండో సగాన్ని వాళ్ల కళ్లతో చూశాను.

బయటికి రాగానే అభిమాని మిత్రుడు ఫోన్ చేశాడు. “అదిరింది మామా!” అన్నాను. ఆఫీసులో పెద్దాయన అడిగితే “యావరేజ్ అండీ, ఒకసారి చూడొచ్చు” అన్నాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నాన్న పేపరు పట్టుకుని కూర్చున్నాడు. సినిమా ప్రకటన పైకి కనపడేలా నాలుగు మడతలు పెట్టుకున్నాడు. “రేపు సెలవేగా, నన్నూ తీసుకెళ్తావేంట్రా?” అన్నాడు.

“ఎందుకు నాన్నా, దాదాపు మూడు గంటలు. నువ్వు కూర్చోలేవు. ఏం లేదందులో.”

“సరేలే” అని పేపరు బల్ల మీద పెట్టేశాడు.

ఎందుకలా అన్నానని చాలాసార్లు తరచి చూసుకున్నాను. సెలవు రోజు మళ్లీ వెళ్లడానికి బద్ధకించిన మాట నిజం. అంతకంటే లోతున ఇంకోటుంది. నాన్న కూడా చూసి పెదవి విరిస్తే తట్టుకోలేనని భయం. నా అభిమానాన్ని కాపాడుకోవడానికి ఆయన ముచ్చటకి అడ్డుపడ్డాను.

నాన్నకి గూఢచారి సినిమాలంటే ప్రాణం. మాది తెనాలి దగ్గర పల్లె. 1966లో ‘గూఢచారి 116’ వచ్చినప్పుడు, పక్కనున్న బుర్రిపాలెం కుర్రాడు కృష్ణ హీరో అని, పెదనాన్న సైకిలు వెనకెక్కి వెళ్లి చూశాడట. తర్వాత నెల్లాళ్లు తాటిమట్ట తుపాకులతో గడ్డివాముల చాటున పిల్లలంతా గూఢచారులేనట. ఈ కథ వందసార్లు విన్నాను. ఆ సినిమా బాగుందో బాగోలేదో ఒక్కసారీ చెప్పలేదు. చూశామనే చెప్తాడు.

అక్టోబరులో ‘వార్ 2’ నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. నాన్న పక్కన కూర్చుని మళ్లీ చూశాను. గురువులాంటి కల్నల్ లూథ్రా మీదకి కబీర్ (హృతిక్) తుపాకీ ఎత్తాల్సి వచ్చే చోట నాన్న కుర్చీలో ముందుకు వంగాడు. నేను అప్పుడు చూశాను, లూథ్రాగా వేసిన అశుతోష్ రాణా మొహాన్ని. హాల్లో ఆ సమయానికి నేను ఎన్టీఆర్ ఎప్పుడొస్తాడా అని ఎదురుచూస్తున్నాను. వీధుల్లో కలిసి బతికిన ఇద్దరు పిల్లల్లో ఒకడికి దారి దొరికి, ఇంకొకడు వెనక మిగిలిపోయిన కథ వచ్చినప్పుడు “పాపంరా వాడు” అన్నాడు నాన్న. ఆ ‘వాడు’ ఏ హీరో అని ఆయనకి పట్టలేదు.

లోపాలు ఉన్నాయి. కొన్ని పోరాటాల్లో మనుషులొక చోట, వెనక దృశ్యమొక చోట ఉన్నట్టుంటుంది. మలుపులు ముందే తెలిసిపోతాయి. ‘పఠాన్’ ఊపు తలచుకుని వచ్చినవాళ్లకి చప్పగా అనిపించడం న్యాయమే. 2018లో అడివి శేష్ ‘గూఢచారి’ ఇంత ఆర్భాటం లేకుండానే పట్టుగా కథ చెప్పింది కదా అన్నవాళ్ల మాటా కాదనలేను. ఇద్దరు హీరోల్ని ఒకే తెర మీద చూసి కడుపు నిండిందన్నవాళ్లదీ అబద్ధం కాదు. ఎవరు చూసింది వాళ్లు చెప్పారు. నేనే చూడకుండా చెప్పాను, హాల్లో ముందు వరసల మధ్య కూర్చుని కూడా.

ఇప్పుడు నా మాట నేను చెప్పగలను. స్నేహం దగ్గర సినిమా నన్ను కదిలించింది, సాహసాల దగ్గర చాలాసార్లు బయటికి నెట్టేసింది. ఈ రెండు ముక్కలు చెప్పడానికి రెండు నెలలు పట్టింది.

సినిమా అయ్యాక నాన్న కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ, “ఇది హాల్లో చూడాల్సిందిరా” అన్నాడు.

గొంతు పెగుల్చుకుని, “ఆ రోజు నీకు అలా చెప్పకుండా ఉండాల్సింది నాన్నా” అన్నాను.

“ఏ రోజురా?” అన్నాడు.

నిజంగా మర్చిపోయాడో, నా కోసం మర్చిపోయాడో తెలియదు. ఆ నాలుగు మడతల పేపరు మాత్రం నాకింకా కళ్ల ముందే ఉంది.