గొడ్డలికీ గడపకూ మధ్య

విగ్రహానికి కలప ఎలా తెచ్చుకోవాలో వరాహమిహిరుడు 6వ శతాబ్దంలోనే బృహత్సంహితలో ఒక అధ్యాయమంతా చెప్పాడు. శ్మశానంలో పెరిగినవి, పిడుగు పడినవి, తేనెపట్టు ఉన్న చెట్లు పనికిరావు. ఎంచుకున్న చెట్టుకు రాత్రి పూజ చేసి, అందులో కాపురమున్న భూతాలను నైవేద్యం అందుకుని వేరే చోటికి తరలమని వేడుకోవాలి. ఆ తర్వాతే గొడ్డలి.

మన ఇళ్లలో ద్వారబంధం ఎత్తేటప్పుడు మళ్లీ పూజ, గడపకు పసుపు. నరికే ముందు మంత్రం ఉంది, నిలబెట్టేటప్పుడు మంత్రం ఉంది. మరి ఆ రెంటి నడుమ, సామిల్లులోనూ వడ్రంగి కొట్టంలోనూ ఉన్నంతకాలం ఆ చెట్టు పట్ల మనిషికి ధర్మమంటూ ఏమీ లేదా?

ప్రాణం పోయాక అది వట్టి వస్తువే కదా అంటారు. వస్తువే కావచ్చు, కానీ బతికినప్పటి తీరు దాన్ని వదలదు. ఈ సంగతి ప్లేనర్ మిషను దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. వంగిన పలకను నేరుగా అందులోకి తోస్తే రోలర్లు అదిమిపట్టి తిన్నగా చేస్తాయి, బ్లేడ్లు నున్నగా కోస్తాయి. బయటికి రాగానే పలక మళ్లీ వంగుతుంది. మందం తగ్గింది, వంకర మాత్రం అలాగే ఉంది. అందుకే తెలిసినవాళ్లు ముందు ఒక ముఖాన్ని చిత్రిక పట్టి చదును చేస్తారు. ఆ ముఖం కింద ఆనితేనే మిషను పై ముఖాన్ని దానికి సమంగా చెక్కగలదు.

చారలకు ఎదురు తోస్తే చెక్క పెచ్చులుగా లేస్తుంది. వదులైన ముడి ఊడి ఎగిరిపడవచ్చు. రోలర్ల మధ్య దూరం కన్నా పొట్టి ముక్కకు పట్టు దొరకదు, అది వెనక్కి దూసుకొస్తే నిలబడ్డవాడికి ప్రమాదం.

జపాన్‌లో హోర్యూజీ ఆలయ వడ్రంగుల పెద్ద నిషియోకా త్సునెకజు (1908–1995) చెక్క తీరును గమనించే ఈ ధర్మాన్నే వృత్తిగా బతికాడు. కొండకు దక్షిణాన పెరిగిన చెట్టును కట్టడంలోనూ దక్షిణానే వాడాలన్నది ఆయనకు పరంపరగా వచ్చిన పాఠం. ఎడమకు మెలితిరిగే దూలాన్ని కుడికి తిరిగేదానితో జత చేస్తే రెండు మెలికలూ ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. అక్కడి గోపురం దాదాపు 1,300 ఏళ్లుగా నిలిచి ఉంది.

మిషను దగ్గరి జాగ్రత్తలన్నీ చేతివేళ్లు కాపాడుకోవడానికే, ఇందులో భక్తి ఎక్కడిదని అడగవచ్చు. చెక్క స్వభావం గమనించకుండా వేళ్లు కాపాడుకోవడం కుదరదు. ఆ గమనింపునే భక్తి అనడానికి సందేహించనక్కర్లేదు. పాత పెంకుటింటి నుంచి విప్పిన టేకు దూలాన్ని మళ్లీ వాడేవాళ్లను చూడండి: విరిగి లోపలే ఉండిపోయిన మేకుల కోసం అంగుళం అంగుళం అయస్కాంతంతో వెతుకుతారు, మట్టీ ఇసుకా బ్రష్షుతో దులుపుతారు. రెండు ముఖాలా సమానంగా, ఒక్కో విడతకు మిల్లీమీటరు మించకుండా తీస్తారు. ఆపైన రెండు వైపులా గాలి తగిలేలా కొన్నాళ్లు ఆరనిచ్చి, మళ్లీ ఏమైనా వంగిందేమో చూసుకున్నాకే చివరి చిత్రిక పడతారు.