అరువు పుస్తకము, సొంత వ్యాసము

చెన్నైలో చదువుచున్న మన బిడ్డలకు హాజరు, రికార్డు, ప్రాజెక్టు అన్నియు భారమే. స్నేహితుని రికార్డు చూచి వ్రాసి ఇచ్చిన తప్పేమి అని వారు మనల నడుగుదురు.

సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో బంధువు ఇచ్చిన పాత పుస్తకములతో తత్త్వశాస్త్రము చదివిరి. అయితే ఎం.ఏ. పట్టము కొరకు వేదాంత నీతిని గూర్చి వ్రాసి, 1908లో అచ్చయిన వ్యాసము ఆయన సొంతము. పుస్తకము అరువు తెచ్చుకొనవచ్చును, శ్రమను తెచ్చుకొనరాదు. రికార్డు మీద పేరు వ్రాయుట “ఇది నా పని” అని సాక్ష్యమిచ్చుటే.

చివరి రాత్రి తొందరే అబద్ధ సాక్ష్యమునకు తలుపు తీయును. కనుక సెమిస్టరు మొదటి వారమే గడువు తేదీలను గోడ క్యాలెండరులో వ్రాయింతము. “ఎన్ని మార్కులు?” అనుటకు ముందు “నీవే వ్రాసితివా?” అని అడుగుదము.