రోగమూ, చదువూ, ఒక ఏడాదీ

జబ్బుచేసి చదువు ఆగిపోయిన విద్యార్థి మళ్లీ అదే తరగతిలో కూర్చోవాలా, ఎలాగో గట్టెక్కి తోటివాళ్లతో ముందుకు పోవాలా, లేక చదువే మానుకోవాలా అన్నది చూపులకు చిన్న ప్రశ్న. ఇంట్లోవాళ్లు తేల్చుకోవలసిన సంగతి అనిపిస్తుంది. మహా అయితే ఒక డాక్టరూ, ఒక ప్రిన్సిపాలూ కల్పించుకోవలసిన సంగతి అనిపిస్తుంది. విమర్శ వ్యాసాలు వేసే పత్రికలో దీనికి చోటెందుకని అడిగేవారు ఉండవచ్చు. కాని వ్యక్తిగతమని మనం పక్కన పెట్టే ప్రశ్నల్లోనే సమాజం తన లెక్కలను దాచుకొంటుంది. ఆ లెక్కలను బయటికి తీసి చూడాలి.

నన్ను ఈ ఆలోచనలో పడేసింది ఒక విద్యార్థిని. ఊరు గద్వాల దగ్గర. తల్లి విత్తన పత్తి చేలల్లో కూలి. ఆ పని సంగతి ఆ ప్రాంతంవారికి చెప్పనక్కర లేదు. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసెయ్యాలి, మరునాటి పొద్దున పుప్పొడి అద్దాలి. చిన్న వేళ్లకు ఆ పని సులువని ఆడపిల్లలను బడి మాన్పించి చేలకు తోలిన రోజులున్నాయి. ఈ అమ్మాయీ చిన్నప్పుడు ఆ పని చేసింది. తరవాత హాస్టల్లో ఉండి చదివి బి.ఏ. రెండో ఏడు దాకా వచ్చింది. 2023 ఆగస్టులో, మూడో సెమిస్టరు నడుస్తుండగా, ఆమెకు క్షయ అని తేలింది. హాస్టలు విడిచి ఊరికి పోయింది. రెండున్నర నెలల తరవాత తల్లిని వెంటబెట్టుకొని కాలేజీకి వచ్చింది.

"మల్ల అదే కిలాసుల కూసోవాల్నా సార్?" అన్నది ఆమె ప్రశ్న. "ఇంకో యాడాది ఎట్ల సాదాలె సారూ? దీని తమ్ముడు గూడ ఇంటరు సదువుతున్నడు" అన్నది తల్లి ప్రశ్న.

నేను క్షణం ఆలోచించకుండా జవాబు చెప్పాను. "ఏడాది పోగొట్టుకోకమ్మా. ఏదో ఒక సర్టిఫికెట్టు తెచ్చి హాజరు సరిచేయించుకొందాం. పరీక్ష రాసెయ్యి. పాసు మార్కులు ఎలాగూ వస్తాయి" అన్నాను. అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తరవాత నెమ్మదిగా, "సదువని పాఠం పాసయి రేపు నేను పంతులమ్మనయితే పిల్లలకు ఏం జెప్పాలె సార్?" అన్నది. నాకు సిగ్గు వేసింది. చదువు చెప్పే నేను ఏడాది గురించి మాట్లాడాను. చదువు గురించి ఆమె మాట్లాడింది.

"ఏడాది పోయింది" అనే మాటను మనం ఎంత అలవాటుగా వాడతామో గమనించాలి. ఏడాది ఎక్కడికి పోయింది? ఆ నెలల్లో ఆ అమ్మాయి బతికింది, మందులు మింగింది, ఒంటితో పోరాడింది. యూనివర్సిటీ చట్టం ప్రకారమైనా పోయినది లేదు. 2021లో యూజీసీ తెచ్చిన క్రెడిట్ల బ్యాంకు నిబంధనల ప్రకారం సంపాదించిన క్రెడిట్లు ఏడేళ్ల వరకు చెల్లుతాయి. అంటే మొదటి రెండు సెమిస్టర్ల చదువు కాగితం మీదా ఉంది, తలలోనూ ఉంది. పోయిందని మనం అంటున్నది జ్ఞానం కాదు, ఒక వరస. ఇరవై ఏళ్లకు డిగ్రీ, ఇరవైరెండుకు ఉద్యోగం లేదా పెళ్లి అనే వరస. ఆ వరసను సంతలోని కొనుగోలుదారు పెట్టాడు. ఎంత తొందరగా తయారయితే అంత చవకగా కొనవచ్చు. ఆయన గడియారాన్ని మనం మన గోడకు తగిలించుకొని, అది చూసి పిల్లలను భయపెడుతున్నాం.

ఇప్పుడు నిబంధన సంగతి చూద్దాం. సెమిస్టరుకు పనిదినాలు సుమారు 90. హాజరు నూటికి 75 ఉండాలి. అనారోగ్యమని సర్టిఫికెట్టు పెట్టి, రుసుము కట్టితే 65 దాకా సడలిస్తారు. లెక్క వేస్తే, జబ్బు పడే హక్కు 31 రోజులు. క్షయకు మామూలు చికిత్స ఆరు నెలలు. అందులో మొదటి రెండు నెలలు మందుల జోరు ఎక్కువగా ఉండే దశ. నిబంధన రాసినవారి మనసులో ఉన్న రోగం జ్వరమో, కామెర్లో, కాలు విరగడమో అయి ఉండాలి. పేదవాడి రోగం ఆ కొలతకు పట్టదు. ఇంకో చిక్కు ఉంది. మూడో సెమిస్టరు ఏడాదికొక్కసారే వస్తుంది. కాబట్టి మూడు నెలలు తప్పినవాడు మూడు నెలలు వెనక్కి పోడు, పన్నెండు నెలలు వెనక్కి పోతాడు. మూడు నెలలు తీసుకొన్నది రోగం. మిగతా తొమ్మిది నెలలు తీసుకొన్నది టైంటేబులు.

మరొక వింత చూడండి. క్షయ రోగుల వివరాలు నిక్షయ్ అనే ప్రభుత్వ నమోదు వ్యవస్థలో ఎక్కుతాయి. తిండికోసం అప్పట్లో నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు. 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేశారు. అంటే ఆ అమ్మాయి రోగి అని ఒక ప్రభుత్వ పుస్తకంలో నెలనెలా రాసి ఉంది. కాలేజీ హాజరు పట్టీలో అవే రోజులకు ఎదురుగా "గైరుహాజరు" అని ఉంది. రెండూ ప్రభుత్వానివే. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివే బాధ్యత మాత్రం ఎవరిదీ కాదు. ఆ పని చేయడానికి రోగమే లేచి ఆఫీసుల చుట్టూ తిరగాలి.

నిబంధన అందరికీ ఒకటే కదా, అందులో అన్యాయమేమిటి అనేవారున్నారు. ఈ వాదం కొత్తది కాదు. 1875లో గోథా కార్యక్రమాన్ని విమర్శిస్తూ మార్క్సు దీని లోతు చూపించాడు. వేరువేరు మనుషులను ఒకే కొలకర్రతో కొలిస్తే ఆ సమానత్వం అసమానత్వంగానే తేలుతుంది. ఒకరికి బలం ఎక్కువ, ఒకరికి తక్కువ. ఒకరికి బరువు బాధ్యతలున్నాయి, ఒకరికి లేవు. మార్క్సు ఆ మాట శ్రమ గురించి అన్నాడు. హాజరు పట్టీకీ అది అంతే వర్తిస్తుంది.

మార్క్సు సొంత చదువే ఇక్కడ పాఠంగా పనికివస్తుంది. బెర్లిన్ యూనివర్సిటీలో ఉండగా, 1837లో, రాత్రింబగళ్లు చదివి జబ్బుపడ్డాడు. డాక్టరు సలహామీద నగరం బయట స్ట్రాలావ్ అనే పల్లెకు వెళ్లి ఉన్నాడు. ఆ విశ్రాంతి కాలంలోనే హెగెల్‌ను పట్టుదలగా చదివాడు. 1835లో బాన్‌లో మొదలైన చదువు 1841లో యేనా యూనివర్సిటీ డాక్టరేటుతో ముగిసింది. ఆ కాలాన్ని "పోయిన కాలం" అని ఏ చరిత్రకారుడూ అనడు. అందుకు మార్క్సు ప్రతిభ ఒక కారణం. డబ్బు పంపగల లాయరు తండ్రి ఉండడం రెండో కారణం. ఈ రెండోదాన్ని మనం మరచిపోతాం.

గ్రాంసీ కథ పక్కన పెడితే సంగతి తేటపడుతుంది. సార్డీనియా దీవిలోని పేద ఇంటినుంచి 1911లో ఆయన టూరిన్ యూనివర్సిటీకి వచ్చాడు. ఆధారం నెలకు 70 లీరాల స్కాలర్‌షిప్పు. చలి, అర్ధాకలి, చిన్ననాటినుంచీ పీడించే ఒళ్లు. జబ్బువల్ల పరీక్షలు తప్పాయి. పరీక్షలు తప్పితే స్కాలర్‌షిప్పుకు ముప్పు. అది ఆగితే తిండికే ముప్పు. 1915లో డిగ్రీ లేకుండానే చదువు విడిచాడు. తరవాత ఆయన గొప్పవాడయ్యాడు కదా అని మనం తృప్తిపడకూడదు. విడిచిపెట్టి గ్రాంసీలైనవారి కథలే మనకు తెలుసు. విడిచిపెట్టి మేస్త్రీ వెంట వలసపోయినవారి కథలు పాలమూరులో ఇంటింటా ఉన్నాయి, అచ్చుకాలేదు.

ఇద్దరినీ రోగం పట్టుకొన్నది. ఒకరికి అది విశ్రాంతి అయింది, మరొకరికి అడ్డుగోడ అయింది. తేడా గుండె నిబ్బరంలో లేదు, ఖర్చు భరించే చేతిలో ఉంది. అందుచేత "నిర్ణయం నీదే" అని విద్యార్థితో అనేముందు మనం ఒక్క క్షణం ఆగాలి. ఒక దారిలో పోతే అన్నం ఉండి, మరొక దారిలో పోతే అన్నం లేకపోతే, వాటిని రెండు దారులనడం పరిహాసం. అవసరాన్ని తెలుసుకొన్నవాడే స్వేచ్ఛాపరుడని మనం క్లాసుల్లో చెబుతాం. తెలుసుకొంటే చాలదు, తెలిసినదాని ప్రకారం నడవడానికి చేతిలో ఏదో ఉండాలి.

అయితే వ్యవస్థ మారేదాకా ఆగమని ఆ అమ్మాయితో అనలేం. జూన్‌లో అడ్మిషన్లు వస్తాయి. ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఇక్కడే మన మిత్రుల్లో కొందరు తప్పు చేస్తారు. ఇదంతా వర్గ సమస్య అని చెప్పి, మనిషిని ఆ సమస్యతో ఒంటరిగా విడిచిపెడతారు. మరికొందరు వీరత్వం బోధిస్తారు. జ్వరంతో పరీక్ష రాసి ఫస్టున పాసైనవాడి ఫోటో పత్రికల్లో చూపిస్తారు. ఒంటిని శత్రువుగా చూడమనే ఈ బోధ పత్తి చేలో మేస్త్రీ చేసే బోధే. ఒళ్లు అరగదీసుకోవడం పనిమంతుడి లక్షణమని చెప్పినవారు ఎప్పుడూ ఆ అరుగుదల మీద బతికేవారే. మందులు మధ్యలో ఆపితే క్షయ మొండికెత్తుతుందని డాక్టర్లు చెబుతారు. పరీక్షకోసం మందు మానుకొన్నవాడిని వీరుడనడం నేరం.

తల్లి అడిగిన ప్రశ్న ఇంకా కష్టమైనది. అక్క ఏడాది మళ్లీ చదివితే తమ్ముడి ఏడాదికి గండి. ఇంట్లోవాళ్ల చెమటమీద ఇంకో ఏడాది కూర్చునే హక్కు తనకున్నదా అని ఆ అమ్మాయి కూడా అనుకొని ఉంటుంది. ఈ తగవును అక్కాతమ్ముళ్ల మధ్య పెట్టినది ఎవరు? సమాజం భరించవలసిన ఖర్చును ఇంటిమీద వేసి, తరవాత దాన్ని ఇంటి తగవు అంటున్నాం. ఆ తగవులో ఎప్పుడూ ఓడేది ఆడపిల్లే. 2011 జనాభా లెక్కలను తరవాత ఏర్పడిన జిల్లాలకు సర్దిచూస్తే జోగుళాంబ గద్వాల జిల్లాలో అక్షరాస్యత నూటికి 50 కూడా లేదు. ఆ సగంలోనుంచి డిగ్రీ దాకా వచ్చిన కూలివాళ్ల ఆడపిల్ల ఒకతె తిరిగి చేనికి పోతే, అది ఒక ఇంటి నష్టం మాత్రమే కాదు.

ఆమెకు నేను రెండోసారి ఇచ్చిన సలహా ఇది. మొదట ఒళ్లు, డాక్టరు సరే అనేదాకా పుస్తకం కూడా పక్కన పెట్టు. రెండు, ఎవరేమనుకొంటారన్నది లెక్కలోంచి తీసెయ్యి. మూడు, ఖర్చెంత, ఎవరు పెడతారు అన్నది కాగితం మీద రాసుకొందాం. చివరి మాట నీది. నాకంటే చిన్నవాళ్లతో కూర్చోవడం సిగ్గు కాదా అని ఆమె అడిగింది. తెలియనిదాన్ని తెలుసుకోవడానికి మళ్లీ కూర్చోవడం చదువును గౌరవించడమని చెప్పాను. నిజానికి ఆ పాఠం ఆమె నాకు చెప్పినదే.

ఆమె 2024లో మళ్లీ మూడో సెమిస్టరులో చేరింది. ఫీజుకు మా స్టాఫ్ రూంలో చందాలు వేసుకొన్నాం. దీన్ని గొప్పగా చెప్పడం లేదు. చందా దయ, దయకు రేపు మనసు మారవచ్చు. ఆమె చదువును అసలు నిలబెట్టింది చందా కాదు, బస్సు. హాస్టల్లో మళ్లీ చోటు దొరకలేదు. 2023 డిసెంబరునుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టు లేకపోవడంతో రోజూ ఊరినుంచి వచ్చిపోగలిగింది. ఎవరి దయా అడగకుండా, అందరికీ హక్కుగా దొరికిన ఒక్క వసతి ఆమె నిర్ణయాన్ని నిజమైన నిర్ణయంగా చేసింది.

వనపర్తి రాజుల భవనంలో 1959లో పాలిటెక్నిక్ పెట్టారు. గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ నడుస్తున్నది. 2008లో పాలమూరు యూనివర్సిటీ వచ్చింది. వనపర్తి, నాగర్‌కర్నూలులో 2022లోనూ, గద్వాలలో 2024లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఇవన్నీ చిన్న విజయాలు కావు. కాని కోట తలుపులు తెరిచినవాళ్లం లోపలి గడియారాన్ని మార్చలేదు.

మార్చడం అసాధ్యమూ కాదు. దీర్ఘరోగులకు హాజరు లెక్క వేరుగా ఉండాలి. ఆసుపత్రి పుస్తకమే సర్టిఫికెట్టుగా చెల్లాలి. తప్పిన సెమిస్టరును ఏడాది ఆగకుండా పూర్తిచేసే వీలుండాలి. మళ్లీ చదివే ఏడాదికి స్కాలర్‌షిప్పూ, హాస్టలు చోటూ ఆగకూడదు. ఇది గొంతెమ్మ కోరిక కాదు. రోగంవల్ల పరీక్ష రాయలేకపోయిన షెడ్యూల్డు కులాల విద్యార్థికి స్కాలర్‌షిప్పు కొనసాగించవచ్చునని 2010 నాటి కేంద్ర పోస్టుమెట్రిక్ నిబంధనల్లోనే ఉంది. డాక్టరు సర్టిఫికెట్టు ఇచ్చి, రాసి ఉంటే పాసయ్యేవాడని కాలేజీ అధిపతి ధ్రువీకరించాలి. మా స్టాఫ్ రూంలో ఆ సంగతి తెలిసినవారు ఒక్కరూ లేరు, నేనూ లేను. ముందు మనం చదవవలసిన పాఠం అది. విద్యార్థి సంఘాలు ఈ కోరికలను తమ కోరికల పట్టీలో చేర్చాలి. అధ్యాపకులం హాజరు పిలిచేటప్పుడు పలకని పేరు దగ్గర ఒక్కసారి ఆగి, ఆ మనిషి ఎక్కడున్నదో కనుక్కోవాలి.