పని దొరకని వాడి కర్మ ఎవరిది?

కర్మ చెయ్యి, ఫలం గురించి ఆలోచించకు అని గీత గురించి చెప్పుకునేటప్పుడల్లా నాకో సందేహం. ఫలం సంగతి సరే, చేయడానికి పనే దొరకని వాడి మాటేంటి?

ఊరికే వచ్చిన సందేహం కాదు. 2023లో నా ఉద్యోగం పోయింది. పొద్దున్న పదిహేను నిమిషాల కాల్, సాయంత్రానికి లాప్‌టాప్ వెనక్కి ఇచ్చేశా. మళ్ళీ ఉద్యోగం రావడానికి పది నెలలు పట్టింది. ఈఎస్ఐ ఉన్నవాళ్ళకైతే అప్పట్లో అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన కింద జీతంలో సగం 90 రోజుల దాకా వచ్చేది. కానీ ఈఎస్ఐకి జీతం పరిమితి అప్పుడు నెలకి 21,000. నేను దాంట్లోకి రాలేదు. పీఎఫ్ తీసి హాస్టల్ అద్దె కట్టాను.

డబ్బు కంటే ముందు మనుషులు తగ్గిపోయారు. పెళ్ళికి వెళ్తే "ఇప్పుడెక్కడ చేస్తున్నావు బాబూ?" అంటారని వెళ్ళడం మానేశా. అమ్మ చుట్టాలకి "ఇంటి నుంచే పని" అని చెప్పేది. నాకు తెలిసి అమ్మ ఆడిన మొదటి అబద్ధం అదే. మా ఫీల్డులో చాలా ఉద్యోగాలు తెలిసినవాళ్ళ రెఫరల్‌తో వస్తాయి. సిగ్గుతో నేను దూరం పెట్టిందీ వాళ్ళనే!

అమీర్‌పేటలో ఒకాయన గ్యాప్ కనపడకుండా ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇప్పిస్తానన్నాడు. తీసుకోలేదు. ధర్మం కోసం అని చెప్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. పీఎఫ్ రికార్డులో ఏ నెల ఎవరు కట్టారో కనిపిస్తుంది కదా, దొరికిపోతానని భయం.

పోయిన నెల నన్ను ఇంటర్వ్యూ ప్యానెల్‌లో వేశారు. ఒకావిడ రెజ్యూమెలో పధ్నాలుగు నెలల గ్యాప్. నా నోట్లోంచి వచ్చిన మొదటి ప్రశ్న, "ఈ గ్యాప్ ఎందుకండీ?" నన్ను అడిగినవాళ్ళ గొంతే అది.

2013లో క్రాఫ్ట్, లాంగే, నోటోవిడిగ్డో అనే ఆర్థికవేత్తల పరిశోధన ఒకటి వచ్చింది. అమెరికాలో కల్పిత రెజ్యూమెలు వేల సంఖ్యలో పంపి చూశారు. ఖాళీగా ఉన్న నెలలు పెరిగేకొద్దీ ఇంటర్వ్యూ పిలుపులు తగ్గాయి, ముఖ్యంగా మొదటి ఎనిమిది నెలల్లో. ఉద్యోగాలు బాగా దొరికే ఊళ్ళలో ఈ తేడా ఇంకా ఎక్కువ. అంటే "ఇన్ని ఉద్యోగాలున్నా ఎవరూ తీసుకోలేదంటే ఏదో లోపం ఉండే ఉంటుంది" అన్న అనుమానం. ఒకరు వద్దన్నారని రెండోవారు, వాళ్ళిద్దరూ వద్దన్నారని మూడోవారు. ఎవరి లెక్క వారికి సబబే. అంతా కలిసి పడేది ఒక్క మనిషి నెత్తిన. దాన్ని మనం సులువుగా "వాడి కర్మ" అనేస్తాం. నాకైతే వద్దన్న వాళ్ళందరి కర్మ అనిపిస్తుంది, ఇప్పుడు నాది కూడా.

ఆవిడ కోడ్ శుభ్రంగా రాసింది. నేను ఓకే అని పెట్టాను. మేనేజర్ దగ్గర్నుంచి ఒకే లైన్ వచ్చింది: "గ్యాప్ గురించి అడిగావా?" సోమవారం ఆయనతో మాట్లాడాలి. నా పది నెలల సంగతి ఆయనకి ఇప్పటిదాకా చెప్పలేదు.