నోట్లో చిల్లర

అరిస్టోఫనీస్ ‘కందిరీగలు’ నాటకంలో (క్రీ.పూ. 422) ఒక దృశ్యం ఉంది. కోర్టులో జ్యూరీగా కూర్చుని ఇంటికొచ్చిన ముసలి తండ్రికి కూతురు కాళ్ళు కడుగుతుంది, నూనె రాస్తుంది. నాన్నా నాన్నా అని ముద్దు పెట్టుకుంటూనే ఆయన నోట్లోంచి మూడు ఓబోళ్ళు నాలుకతో లాగేస్తుంది. అది ఆయన ఆరోజు భత్యం. ఓబోలు చిన్న వెండి నాణెం, ముప్పాతిక గ్రాముకి కాస్త తక్కువే. ఏథెన్సు మగవాళ్ళు చిల్లర బుగ్గన పెట్టుకుని బజారుకెళ్ళేవారు. చిల్లరనుకుని చేప పొలుసులు నోట్లో వేసుకున్నానని అదే ముసలాయన వాపోతాడు కూడా.

ఈ దృశ్యం చెప్పి ఏళ్ళ తరబడి క్లాసులో పిల్లల్ని నవ్వించాను. ఈమధ్య నాకే నవ్వు రావడం లేదు. అడిగి తీసుకునే హక్కు లేనిచోట ప్రేమ ఎలాంటి పనులు చెయ్యాల్సి వస్తుందో రచయితకి బాగా తెలుసు. అది అతనికి హాస్యం. ఏథెన్సు చట్టం ప్రకారం స్త్రీ తనంతట తాను ఒక మెడిమ్నోస్, అంటే సుమారు 52 లీటర్ల బార్లీ విలువకి మించి ఏ ఒప్పందమూ చేసుకోకూడదు. నాణెం మీద ముఖం మాత్రం ఎథీనా దేవతది! బజారులో చట్టం అంత బిగువుగా లేదేమో. ఇదే నాటకంలో రొట్టెలమ్మే మిర్టియా, పది ఓబోళ్ళ సరుకు పాడుచేశావని సాక్షిని వెంటబెట్టుకొచ్చి మరీ నిలదీస్తుంది.

‘లైసిస్ట్రాటా’లో (క్రీ.పూ. 411) స్త్రీలు ఖజానానే పట్టుకుంటారు. ఇంటి డబ్బు చూసేది మేమే కదా, నగరం డబ్బు చూడలేమా అంటారు. ఆ మాట నాకెంతో ఇష్టం. కానీ ఆ వెండి ఎక్కడిది? చాలావరకు లారియాన్ గనులది. మీటరు ఎత్తైనా లేని సొరంగాల్లో బానిసలు పాకుతూ తవ్విన ఖనిజం. సేనాని నికియాస్ వెయ్యిమందిని ఆ పనికి, మనిషికి రోజుకో ఓబోలు చొప్పున, అద్దెకిచ్చాడని జెనోఫోన్ రాశాడు. నగరం కూడా బానిసల్ని కొని అలాగే సంపాదించవచ్చని సలహా ఇచ్చాడు. ఓబోలు వెళ్ళేది యజమానికి, తవ్వినవాడికి కాదు. లైసిస్ట్రాటా దీని గురించి అడగదు. ఇన్నేళ్ళూ నేనూ అడగలేదు. నాణెం ఎవరి చేతిలో ఉందనే చూశాను.

కూతురు లాగేసుకున్నది ముగ్గురు మనుషుల ఒకరోజు అద్దె. అయినా, తీసుకోకమ్మా అని ఆ పిల్లతో అనలేకపోతున్నాను.