దారి ఇచ్చే బతుకు

రాగి కోతల కాలం వచ్చిందంటే హోసూరు దగ్గరి డెంకణికోట, జవళగిరి చేలల్లో కాపలా మొదలవుతుంది. కర్ణాటక అడవుల నుంచి ఏనుగుల గుంపులు దిగేది అప్పుడే. చేలో అడుగుపెట్టిన ఏనుగు మొక్కను తొండంతో చుట్టి పెరుకుతుంది. వేళ్లకున్న మట్టి రాలేదాకా ముంగాలికేసి కొట్టుకుంటుంది. ఆ తర్వాతే నోట్లో పెట్టుకుంటుంది. తెల్లారేసరికి ఓ కుటుంబం ఏడాదంతా తినాల్సిన గింజలు పోతాయి. ఆ నష్టాన్ని చిన్నది చేసి మాట్లాడే హక్కు పట్నంవాళ్లకు లేదు.

ఈ హోసూరు అడవుల ఏనుగులే 1980లలో కొన్ని, ఎవరూ తోలకుండానే, కుప్పం, పలమనేరు అడవులకు చేరాయి. దాదాపు రెండు వందల ఏళ్లుగా ఏనుగుల మంద లేని ఆంధ్ర నేల మీద మళ్లీ మంద నిలిచింది. వాటి కోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది.

మనిషి తెచ్చి వదిలినా మందలు నిలవచ్చు. అమెరికాలోని కెంటకీలో ఎల్క్ దుప్పులు అంతరించాక, 1997 నుంచి 2002 దాకా పడమటి రాష్ట్రాల నుంచి 1,500కు పైగా తెచ్చి వదిలారు. ఇవాళ అక్కడ వేలల్లో ఉన్నాయి. ఏనుగుతో ఆ పని కష్టం. శ్రీలంకలో మగ ఏనుగులను పట్టి, మెడకు జీపీఎస్ పట్టీలు కట్టి, వేరే అడవుల్లో వదిలి చూశారు. కొన్ని పాత చోటికే తిరిగొచ్చాయి, కొన్ని దారిపట్టి తిరుగుతూనే ఉన్నాయి. ఏ ఎండకు ఏ చెరువులో నీళ్లుంటాయో, ఏ వాగు ఎక్కడ దాటాలో ఏళ్ల తరబడి నడిచి నేర్చుకున్నది ఏనుగు. లారీ దాని ఒంటిని మోయగలదు, ఆ ఎరుకను మోయలేదు.

అందుకే ఏనుగులను తరలించడం కన్నా వాటి దారి మూయకుండా ఉండటం ముఖ్యం. హోసూరు యాభై ఏళ్లలో ఫ్యాక్టరీల ఊరైంది. పని కోసం వచ్చిన ఎందరికో ఇక్కడ చోటు దొరికింది. అదే ఊరి పక్కన, సానమావు వైపు, ఏనుగులు ప్రాణాలకు తెగించి కృష్ణగిరి హైవే దాటుతున్నాయి. మనకు దొరికిన చోటును మనతోనే ఆపేస్తే అది బాగా బతకడం కాదు.

అలాగని చోటిచ్చే భారమంతా అడవి అంచు రైతు మీద వేసి, మనం దయ గురించి మాట్లాడటమూ న్యాయం కాదు. లేఅవుట్ వేసే ముందు అది ఏనుగుల దారా అని అడగాలి. పోయిన పంటకు పరిహారం మళ్లీ విత్తనం వేసేలోపు చేతికందాలి. నలుగురూ తలా కాస్త మోస్తేనే దయ నిలుస్తుంది. ఒక్కడి మీదే పడితే అది రేపటికి పగ అవుతుంది.