‘నాకు బాగుందా?’

మన తెలుగులో లావుగా ఉన్న ఆడవాళ్ళ గురించి మాటలకు కొదవ లేదు. పసిపాపగా ఉన్నప్పుడు బొద్దుగా ఉందని ముద్దు చేస్తారు. పెళ్ళీడుకొచ్చి సన్నగా ఉంటే ‘కాస్త ఒళ్ళు చేస్తే బాగుణ్ణు’ అంటారు. నిజంగానే ఒళ్ళు చేస్తే ‘అదేంటే, అలా అయిపోయావు’ అంటారు. ఆ తర్వాత పీపా, డ్రమ్ము, గున్న ఏనుగు... అన్నీ వస్తువుల పేర్లో, జంతువుల పేర్లో. 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’లో ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్నా సినిమా పేరు మాత్రం సూర్యకాంతం వేసిన పాత్రదే. ఆ నటి సత్తా అది. కానీ ఆ పేరు తెర దిగి వచ్చి, మా చిన్నప్పుడు బడిలో కాస్త లావుగా ఉన్న ప్రతి ఆడపిల్ల నెత్తిన కూర్చుంది. లావుపాటి ఆడది గయ్యాళి అయినా కావాలి, నవ్వించడానికైనా ఉండాలి. మూడో వేషం ఆమెకు దొరకడం కష్టం.

ఇన్ని మాటలున్న భాషలో, అలాంటి స్నేహితురాలు కొత్తరకం బట్టలు వేసుకుని మన ముందు నిలబడి ‘నాకు బాగుందా?’ అని అడిగినప్పుడు చెప్పడానికి మాత్రం ఒక నిజాయితీ గల మాట దొరకదు. ‘చాలా బాగుంది’ అని గబుక్కున అనేస్తాం. ఎంత గబుక్కున అంటే, ఆమె అద్దంలోంచి తల తిప్పి మనవైపు చూసేలోపే. ఆ తొందరలోనే ఏదో దాస్తున్నామని ఆమెకి తెలిసిపోతుంది. ఈ చిన్న ప్రశ్నకి జవాబు ఎలా చెప్పాలన్నది నాకు కొంతకాలంగా పెద్ద నైతిక సమస్యగా కనిపిస్తోంది.

నా మిత్రురాలికి 46 ఏళ్ళు. హైదరాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్తుంది. కథలు రాస్తుంది, మంచి కథలు. ఆమె మొదటి సంపుటి వెనక అట్ట మీద ఫొటో ఉండదు. ‘రచయిత్రి కాదు, రచన కనిపించాలి’ అని ప్రచురణకర్తకి చెప్పింది. అదేదో సిద్ధాంతమనుకుని చాలామంది మెచ్చుకున్నారు కూడా. సభల్లో చివరి వరసలో కూర్చుంటుంది. వేదిక మెట్లెక్కుతున్నప్పుడు వెనకనుంచి తన శరీరాన్ని ఎంతమంది చూస్తారోనన్నది ఆమె భయం. ఆ భయంతో పదకొండు సభల్లో కథ చదవలేదు. లెక్క ఆమె చెప్పిందే. పాతికేళ్ళుగా ముదురు రంగు చీరలు, మోచేతుల దాకా జాకెట్టు. ఆరేళ్ళ కిందట కొనుక్కున్న పసుపు రంగు మంగళగిరి గుడ్డ బీరువాలో మడత విప్పకుండా ఉంది. పది కిలోలు తగ్గాక కుట్టించుకుందామని.

‘తగ్గాక’ అనే మాట దగ్గర కాస్త ఆగాలి. తగ్గాక ఫొటో దిగుతాను, తగ్గాక ఈత నేర్చుకుంటాను, తగ్గాక గోవా వెళ్దాం. ఇప్పుడున్న శరీరం తాత్కాలికమైన అద్దె ఇల్లు, దానికి సున్నం వేయించడం దండగ అన్నట్టు ఉంటుంది ఈ లెక్క. ఆ అద్దె ఇంట్లోనే 46 ఏళ్ళు గడిచాయి. 2015లో ‘సైజ్ జీరో’ అని ఒక తెలుగు సినిమా వచ్చింది. అనుష్క ఆ పాత్ర కోసం బరువు పెరిగి నటించింది. లావుగా ఉన్న కూతురికి పెళ్ళి కాదేమోనని తల్లి పడే ఆరాటం, బరువు తగ్గిస్తామని చెప్పే కేంద్రాల మోసం, అన్నీ అందులో ఉన్నాయి. సానుభూతితో తీసిన సినిమాయే. అయినా నేను విన్నంతవరకు జనం మాట్లాడుకున్నది ఆమె ఎన్ని కిలోలు పెరిగింది, మళ్ళీ ఎప్పటికి తగ్గుతుంది అనే. సినిమాలోని పాత్రకి కూడా ‘తగ్గాక’ తప్పలేదు.

ఈ ఏడాది ఆమె స్కూటర్ నేర్చుకుంది. చీరతో ఇబ్బందిగా ఉందని, కుర్తాలు వేసుకోవాలనుకుంది. తోడు రమ్మంది. ఒక పెద్ద బట్టల దుకాణానికి వెళ్ళాం. లోపలికి అడుగుపెట్టగానే అక్కడి అమ్మాయి ఎగాదిగా చూసి ‘మీ సైజు రాదాంటీ’ అంది. ఇంకా ఏం కావాలో మేం చెప్పనేలేదు. ఆ అమ్మాయిని నేను తప్పుపట్టను. పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడి ఉద్యోగం చేసే పిల్ల. అలాంటి దుకాణాల్లో ఆడపిల్లలకు కూర్చునే హక్కు కోసం కేరళలో పోరాడితే గానీ 2018లో అక్కడ చట్టం మారలేదు. ఆమె కాళ్ళ నొప్పి, నా మిత్రురాలి సిగ్గు ఒకే దుకాణంలో పక్కపక్కనే ఉన్నాయి. ఎవరి బాధ ఎవరికీ కనిపించదు.

వెతగ్గా వెతగ్గా ఒక ట్రిపుల్ ఎక్సెల్ కుర్తీ దొరికింది. ట్రయల్ రూమ్‌లోంచి ఆమె బయటకు వచ్చినప్పుడు భుజం కుట్టు చేతి మీదకు జారి ఉంది, చంక దగ్గర పట్టేసి ఉంది, ముందు అంచు వెనక అంచుకన్నా పైకి లేచి ఉంది. ‘చూశావా, నాకు ఇలాంటివి నప్పవు’ అంది. నప్పనిది ఆమెకా, ఆ కుర్తీకా? ఒక టైలర్ పక్కన పది నిమిషాలు కూర్చుంటే ఇది అర్థమవుతుంది. రెడీమేడ్ బట్టలు తయారు చేసేవాళ్ళు సాధారణంగా ఒక నడిమి సైజుకి నమూనా కత్తిరించి, మిగతా సైజులన్నిటికీ అన్నివైపులా ఇంతింత అని కలుపుకుంటూ పోతారు. మనిషి ఒళ్ళు అలా పెరగదు. ఛాతీ పెరిగినంతగా భుజం ఎముక పెరగదు. కాబట్టి భుజం జారుతుంది. దండ చేయి లావు కాబట్టి చంక పట్టేస్తుంది. ఛాతీ మీద డార్ట్‌లు వేయకపోతే ఎత్తైన చోటుకి గుడ్డ చాలక ముందు అంచు లేస్తుంది. పాతకాలపు కుర్తాల్లో చంక కింద చదరపు ముక్క వేసి, పక్కలకు కళీలు కలిపి కుట్టేవారు. చెయ్యి ఎత్తినా గుడ్డ పట్టేసేది కాదు. అది తెలిసిన విద్యే, ఖర్చు కలిసొస్తుందని పక్కన పెట్టేసిన విద్య.

ఎవరి శరీరాన్ని కొలిచి ఈ సైజులు వచ్చాయన్నది ఇంకో కథ. అమెరికాలో 1939, 40ల్లో ప్రభుత్వం దాదాపు 15,000 మంది స్త్రీలను కొలిపించింది. రూత్ ఓబ్రయన్, విలియం షెల్టన్ 1941లో ఆ నివేదిక ప్రచురించారు. అందులో తెల్లజాతివారు కాని స్త్రీల కొలతలను లెక్కలోంచి తీసేశారు. మన దేశంలో మన శరీరాల కొలతలతో సైజుల పట్టిక తయారు చేయాలని నిఫ్ట్ తలపెట్టిన ‘ఇండియాసైజ్’ పథకాన్ని ప్రకటించింది 2018లో. ఆరు నగరాల్లో 25,000 మందిని కొలవాలన్నది ప్రణాళిక. ఆ నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంది. అంటే స్వతంత్రం వచ్చిన 70 ఏళ్ళ దాకా మన ఆడవాళ్ళు ఎవరివో కొలతల్లో తమ ఒళ్ళు ఇరికించుకుంటూ, ఇరకని చోటల్లా తప్పు తమదే అనుకున్నారు. చీర ఈ గొడవ లేకుండా అందర్నీ కప్పింది. ఐదున్నర మీటర్ల గుడ్డకి సైజు లేదు. ఉన్నదల్లా జాకెట్టుకే. మా మిత్రురాలు దాని గురించి కూడా ‘చేతులు పొడుగ్గా పెట్టండి’ తప్ప ఇంకో మాట ఏ టైలరుతోనూ అని ఎరగదు.

ఇక ‘నాకు బాగుందా?’ సంగతి. పోతన భాగవతంలో వామనుడికి మాట ఇచ్చిన బలి చక్రవర్తికి శుక్రాచార్యుడు అబద్ధం ఆడదగిన సందర్భాల జాబితా ఒకటి చెప్తాడు. ప్రాణం, ధనం, మానం పోతున్నప్పుడు, పెళ్ళి విషయంలో, ఇంకా కొన్ని. అందులో మొట్టమొదటిది ఆడవాళ్ళ విషయం. బడిలో ఆ పద్యం కంఠతా పట్టించినప్పుడు ఎవరూ ఆగి ఆలోచించలేదు. ఆడవాళ్ళతో అబద్ధం ఆడినా పాపం లేదంటే, వాళ్ళు నిజానికి తగిన మనుషులు కారన్నమాట. బుజ్జగించి పంపాల్సినవాళ్ళు. ట్రయల్ రూమ్ బయట నిలబడి ‘చాలా బాగుంది’ అనే స్నేహితురాలు కూడా శుక్రాచార్యుడి జాబితానే వాడుకుంటోంది. దయతోనే వాడుకుంటోంది, కాదనను. ఆ దయ పైనుంచి కిందికి కురుస్తుంది.

అలాగని నిజం చెప్పడమంటే ఏమిటి? ‘లావుగా కనిపిస్తున్నావు’ అనడమా? అది ఆమెకు తెలియని నిజమేం కాదు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఆమె చెవిలో మోగుతున్నదే. సాండ్రా బార్ట్‌కీ అనే అమెరికన్ తత్వవేత్త చాలామంది స్త్రీల లోపల ఒక మగ చూపు కాపలా కూర్చుని ఉంటుందని, ఆడది తనను తాను ఆ కళ్ళతోనే చూసుకుంటుందని అంటుంది. ఆ కాపలావాడి తీర్పును స్నేహితురాలి గొంతుతో మళ్ళీ వినిపించడాన్ని నిజాయితీ అనలేను.

నాకు అర్థమైనంతలో ఆ ఒక్క ప్రశ్నలో చాలా ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. గుడ్డ సరిగా కూర్చుందా అన్నది ఒకటి. దానికి జవాబు ఉంది, కళ్ళతో చూసి చెప్పొచ్చు. భుజం జారింది, చంక పట్టేసింది, ఇది వద్దు. ఇలా చెప్పినప్పుడు తప్పు కుర్తీదని కూడా చెప్పినట్టే. రంగు నాకు నచ్చిందా అన్నది ఇంకొకటి. అది నా ఇష్టం, ఆమెకి దాంతో పని ఉండొచ్చు, లేకపోవచ్చు. బయట నవ్వుతారా అన్నది అసలైనది. దానికి ‘నవ్వరు’ అని హామీ ఇచ్చే హక్కు నాకు లేదు. నవ్వేవాళ్ళుంటారు. ఆ సంగతి దాచి ఆమెను వీధిలోకి పంపడం మోసం. ఇవేవీ కాని ప్రశ్న కూడా ఒకటి ఉంటుంది అడుగున, ఇలా కనిపించినా నువ్వు నా పక్కన నడుస్తావా అని. దానికి మాటలతో జవాబు ఉండదనుకుంటాను. లిఫ్టులో, క్యాంటీన్‌లో, సభలో పక్కన నడవాలి, అంతే.

ఈ రోజుల్లో అందరూ చెప్పే మాట ఆత్మవిశ్వాసం. ‘కాన్ఫిడెంట్‌గా వేసుకో, ఏదైనా బాగుంటుంది’ అంటారు. నేను సన్నగా ఉంటాను. నలిగిన కాటన్ చొక్కా వేసుకుని పాతికేళ్ళు తిరిగాను. దానికి నాకు ఏ విశ్వాసమూ అక్కర్లేకపోయింది. ధైర్యం ఎవరికి కావాలి? దెబ్బ తగిలే చోట ఉన్నవాళ్ళకి. లోకం ఆమెకు పెట్టిన జరిమానాను ఆమె చేతే కట్టించి, దానికి ఆత్మవిశ్వాసం అని పేరు పెడుతున్నాం. సరే, లోకం మారేదాకా ఆమె ముదురు రంగు చీరలోనే ఉండాలా అంటే, అదీ కుదరదు. అందుకని ధైర్యం గురించి ఉపన్యాసం మానేసి దెబ్బను కొంత పంచుకోవడం నయమనిపిస్తుంది. ఎంత పంచుకోవాలో కూడా ఆమే చెప్పాలి. ‘ఎవరైనా ఏమన్నా అంటే నువ్వు మీద పడకు, పక్కన కూర్చో చాలు’ అని ముందే చెప్పింది నాకు.

మన రచయిత్రుల సభల గురించి కూడా ఒక మాట అనకుండా ఉండలేను. అలంకరణ పితృస్వామ్యం వేసిన వల అని మనం ఎప్పుడో తేల్చేశాం. చేనేత చీర, చెరగని గాంభీర్యం మనకు యూనిఫారం అయ్యాయి. బట్టల మీద మోజుపడేదాన్ని లోపల్లోపల తక్కువగా చూస్తాం. అయితే బట్టల్ని నిర్లక్ష్యం చేసే హక్కు అందరికీ ఒకలా లేదు. సన్నటి స్త్రీ నలిగిన చీర కడితే మేధావి. లావుపాటి స్త్రీ అదే చీర కడితే బద్ధకస్తురాలు. బట్టలు ఎప్పుడూ కులంతో, వర్గంతో ముడిపడే ఉన్నాయి. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు రొమ్ము కప్పుకోవడానికి దశాబ్దాలు కొట్లాడితే 1859లో గానీ అనుమతి రాలేదు. వాళ్ళకి బట్ట చిల్లర విషయం కాదు. అన్నీ తెలిసిన మనమే, ఏడాది తర్వాత కలిసిన స్నేహితురాల్ని కథ గురించి అడగకముందు ‘ఏంటి, ఇంత లావయ్యావు?’ అని పలకరిస్తాం. ప్రేమతోనే అంటాం.

ఆరోగ్యం సంగతో అని ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. ఆమెకి మోకాళ్ళ నొప్పి ఉంది, డాక్టర్ దగ్గరికి వెళ్తోంది, నడుస్తోంది. అది ఆమెకీ డాక్టరుకీ మధ్య విషయం. నొప్పి తగ్గేదాకా మంచి బట్ట కట్టకూడదని ఏ వైద్యమూ చెప్పదు.

ఆ దుకాణంలో ఏమీ కొనలేదు. పసుపు రంగు మంగళగిరి గుడ్డ తీసుకుని టైలర్ దగ్గరికి వెళ్ళాం. మోకాళ్ళ కింది దాకా పొడుగు, చంక కింద ముక్క, ఛాతీ మీద డార్ట్‌లు, చేతులు మోచేతికి పైన. చివరిది ఆమె కోరిక. నాకైతే ఆ పసుపు మరీ కొట్టొచ్చినట్టుందనిపించింది, ఆ మాటే చెప్పాను. ‘రంగు గురించి నిన్నడగలేదే’ అంది. పక్క కుట్లలో రెండు అంగుళాల గుడ్డ వదలమంది. ‘తగ్గితే లోపలికి వేయడానికా మేడమ్?’ అని టైలర్ అడిగితే ‘పెరిగితే విప్పడానికి’ అని నవ్వింది.

ఇప్పుడు కాలేజీకి వారంలో మూడు రోజులు అదే వేసుకుని వెళ్తోంది. స్టాఫ్‌రూమ్‌లో ఒకావిడ ‘ఈ వయసులో చిన్నపిల్లలా ఏంటండీ’ అందట, ఇంకొకావిడ టైలర్ ఫోన్ నంబరు అడిగిందట. రెండో సంపుటి అచ్చుకి సిద్ధంగా ఉంది. ప్రచురణకర్త ఫొటో పంపమని మళ్ళీ అడిగాడు. ఆమె ఇంకా ఏమీ చెప్పలేదు.